భావనపాడు తాబేళ్ళ దిబ్బకి నేను గీసిన దారి

ఈ బ్లాగు చదివే ఆడపిల్లలు, ముఖ్యంగా జువాలజీ చదువుతున్నవాళ్ళు, నన్ను తరచూ ఒకటే అడుగుతుంటారు. సముద్ర జీవుల్ని కాపాడే పనిలోకి మీరెలా వచ్చారు, మేమూ రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని. ఏ కోర్సు చదవాలో, ఎవరికి దరఖాస్తు పెట్టాలో నాకంటే బాగా చెప్పగలవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒకటే. అరవయ్యో దశకం చివర్లో, ఏడాది తేడాతో, విజయనగరం నుంచి భావనపాడుకి రెండు సార్లు వెళ్ళాను. మొదటి ప్రయాణం నాకు ఉద్యోగం ఇచ్చింది. రెండోది ఆ ఉద్యోగం పోగొట్టి ఈ పని నెత్తిన పెట్టింది. గొప్పగా చెప్పుకునే సంగతి కాదు గనకే ఇన్నాళ్ళూ రాయలేదు. ఈ శీతాకాలం అటు వెళ్ళాలనుకుంటున్నవాళ్ళకి దారి కూడా తెలుస్తుందని ఇప్పుడు రాస్తున్నాను.

మా నాన్నగారికి విజయనగరంలో ఉప్పూ బెల్లం టోకు కొట్టు ఉండేది. నేను బీఎస్సీ పాసై ఏడాదిగా ఇంట్లోనే ఉన్నాను. ఒకరోజు మా జువాలజీ మేష్టారు కబురుపెట్టి, విశాఖపట్నంలో చేపల మీద సర్వే చేసే ఒక ఆఫీసులో సహాయకుల పోస్టు ఖాళీ కాబోతోందని చెప్పారు. "వాళ్ళకి మార్కులు కాదమ్మా కావలసింది, ఒడ్డున నడిచి చూసి రాసేవాళ్ళు. భావనపాడు పక్కన మాఘమాసంలో సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెడతాయంటారు. ఎక్కడికొస్తున్నాయో, ఎన్ని వస్తున్నాయో చూసి రిపోర్టు రాసి పట్రా. నేను పంపిస్తాను," అన్నారు. ఆడపిల్ల ఒక్కతీ అంత దూరం వెళ్ళడమేమిటని నాన్నగారు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి సాలూరు నుంచి వచ్చిన సింహాచలం మావయ్య ఆయన్ని ఒప్పించాడు. అమ్మకి తమ్ముడు. సాలూరులో సొంత లారీ పెట్టుకుని తనే నడిపేవాడు. మా కొట్టుకి నౌపడ నుంచి ఉప్పు వేసుకొచ్చేది ఆయనే. "నా లారీలో వస్తాది, నా లారీలోనే ఇంటికొస్తాది. నేను ఉప్పు ఎత్తించుకునే లోపల దాని పని అది సూసుకుంటాది. ఇందులో ఏటుంది బావా?" అన్నాడు.

తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరాం. నాతవలస దగ్గర ట్రంకు రోడ్డెక్కి శ్రీకాకుళం చేరేసరికి ఏడున్నరయింది. నాగావళి మీద మంచు ఇంకా విడలేదు. వంతెన దాటుతుంటే కింద నీళ్ళున్నాయో లేవో కూడా తెలియలేదు. నరసన్నపేటలో లారీలు ఆగే హోటల్లో ఇడ్లీ, అల్లం పచ్చడి, గాజు గ్లాసులో కాఫీ. ఇద్దరికీ కలిపి రూపాయి లోపే అయింది. "తాంబేళ్ళని సూసొస్తే జీతం ఇస్తారేటే కామూ?" అని అడిగాడు మావయ్య. ఇస్తారట అన్నాను. "మంచి నౌకరీయే," అని నవ్వాడు. టెక్కలి దాటాక సముద్రం వైపు తిరిగితే నౌపడ. పదిన్నరకి దిగాం. ఇప్పుడు కారులో ఇదే దారి మూడు గంటల లోపే. అప్పట్లో లారీ ఆగిన ప్రతి చెక్‌పోస్టూ కలుపుకుని అయిదున్నర గంటలు పట్టింది.

నౌపడలో రోడ్డుకి అటూ ఇటూ ఉప్పుమళ్ళు. తెల్లని కుప్పలు, మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగి ఉప్పు లాగే మనుషులు. వాళ్ళకి ఎండుచేపలు అమ్మి, ఖాళీ గంపతో తిరిగెళ్తున్న ఒక మనిషిని మావయ్య కేకేసి పిలిచాడు. యాభై దగ్గర పడ్డ పల్లె మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంది. పేరు నూకమ్మ, భావనపాడులోనే ఇల్లు. "అప్పా, ఇది మా అక్క కూతురు. తాంబేళ్ళని సూడాలంటది. తీసికెళ్ళి సాయంత్రం మళ్ళీ నాకు అప్పజెప్పు," అన్నాడు. నూకమ్మ నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసింది. "సెప్పులు ఇప్పీసి సేత్తో అట్టుకో తల్లీ. ఇసకలో ఇవి నడవ్వు," అంది. అంతే, మేం స్నేహితులమైపోయాం.

ఊరు చేరడానికి గంటన్నర నడిచాం. వాళ్ళింట్లో చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి, పచ్చి ఉల్లిపాయ కొరికాను. వాళ్ళాయన ఎర్రయ్య అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. తాబేళ్ళు మీ వలల్లో పడవా అని అడిగాను. "పడతాయి. బొట్టెట్టి ఒగ్గేస్తాం," అన్నాడు తలెత్తకుండా. నూకమ్మ అందుకుంది. "కూర్మనాథుడు కదమ్మా. శ్రీకూర్మంలో ఉన్న సామే ఈడకి వస్తన్నాడు. సామిని తింటావేటి?" ఆ మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను. తాబేళ్ళని పట్టే అలవాటు స్థానికులకి లేదు, కాబట్టి సంఖ్య తగ్గలేదు అని దాని కింద ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చాను.

ఆ తరవాత ఆమె నన్ను ఉప్పుటేరు ముఖం దాటించి, మొగలి పొదల వెనక ఉన్న ఒక ఇసుక దిబ్బ దగ్గరికి తీసికెళ్ళింది. నా జన్మలో అలాంటిది చూడలేదు. నీటి అంచు నుంచి దిబ్బ పైదాకా, పెద్ద బండి చక్రాలు దొర్లినట్టు, ఒకదాని పక్కన ఒకటి జాడలు. రాత్రికి రాత్రి వచ్చి, గుడ్లు పెట్టి, పూడ్చి, వెళ్ళిపోయిన తాబేళ్ళ జాడలవి. వంద దాటాక లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టాను. నూకమ్మ పొద నీడలో కూర్చుని నన్నే చూస్తూ ఉంది. తిరిగి వచ్చేటప్పుడు నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ఈ దిబ్బ మా వోళ్ళకి తప్ప ఎవులికీ తెల్దు తల్లీ. సంటిపిల్లలాగ ఉన్నావని సూపించినాను. ఎవులికీ సెప్పకు." చెప్పనన్నాను. నిజంగానే అన్నాను. రిపోర్టు రాయడం చెప్పడం కిందికి వస్తుందని ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

ఇంటికొచ్చి నాలుగు రోజులు కూర్చుని రాశాను. పన్నెండు పేజీలు, ఆఖర్న ఒక మేపు. ఉప్పుటేరు, మొగలి పొదలు, వరసగా ఉన్న మూడు తాటిచెట్లు, దిబ్బ. తాటిచెట్లని విప్పిన గొడుగుల్లా గీయడం నా అలవాటు, అలాగే గీశాను. ఆఫీసువాళ్ళు పంపిన నమూనాలో చివరి ప్రశ్న, ఈ జీవులు వ్యాపారానికి అనువుగా దొరుకుతాయా అన్నది. అనువుగానే దొరుకుతాయి, నౌపడ రైల్వేస్టేషను దగ్గర్లోనే ఉంది, దిబ్బ దాకా ఎడ్లబండి వస్తుంది అని రాశాను. అన్ని ప్రశ్నలకీ జవాబు రాయాలనిపించింది, అంతకన్నా మరేమీ లేదు. చదివిన ఆఫీసరు గారు మేష్టారితో, ఇంత పనికొచ్చే రిపోర్టు ఈ మధ్య చూడలేదు అన్నారట. వేసవి రాకముందే నాకు ఆర్డరు వచ్చింది. నాన్నగారు కొట్లో పనివాళ్ళందరికీ బెల్లం పంచారు.

విశాఖపట్నంలో మా పెద్దమ్మగారింట్లో ఉండి తొమ్మిది నెలలు ఉద్యోగం చేశాను. చేపలు కొలవడం, బరువు చూడడం, పట్టికలు నింపడం. సంతోషంగానే ఉన్నాను. మళ్ళీ మాఘం వచ్చింది. ఒక శనివారం విజయనగరం వచ్చేసరికి సింహాచలం మావయ్య మా ఇంట్లో భోజనం చేస్తున్నాడు. నన్ను చూసి, "కామూ, నీ తాంబేళ్ళు నౌపడ టేషన్లో ఉన్నాయే. ఎల్లకిలా పడేసున్నారు, వరసగా," అన్నాడు. తమాషాకి అంటున్నాడనుకున్నాను. కానీ ఆయన నవ్వలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున ఆరింటి పాసింజరుకి మూడో తరగతి టిక్కెట్టు కొనుక్కుని ఒక్కదాన్నే ఎక్కాను. ఈసారి నాన్నగారు అడ్డుచెప్పలేదు, ఉద్యోగస్తురాలిని కదా. అప్పట్లో కొండ ఊళ్ళలో సాయుధ పోరాటం నడుస్తుండేది, ఆ జిల్లాలో ఎక్కడ చూసినా పోలీసులే. ఒక స్టేషన్లో పెట్టెలోకి వచ్చి నా సంచీ తెరిపించి చూసి, నోటుబుక్కులో బొమ్మలేమిటని అడిగారు. తాబేళ్ళు అన్నాను. ఆ జవాను నన్ను అనుమానంగా చూసి పుస్తకం తిరిగిచ్చేశాడు. పదింబావుకి నౌపడలో దిగాను.

పర్లాకిమిడి వెళ్ళే చిన్న రైలు ఆగే వైపు, గూడ్సు షెడ్డు నీడ దాటి, ఎండలో ఉన్నాయి. మావయ్య చెప్పినట్టే వెల్లకిలా, వరసగా. ముందు రెక్కలకి చిల్లులు పొడిచి, రెండూ కలిపి తాడుతో కట్టారు. తిరగబడకుండా, కొట్టుకోకుండా. పాలిపోయిన పసుపు పొట్టలు ఆకాశం వైపుకి. చాలావాటిలో కదలిక లేదు. కొన్ని మాత్రం తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, ఒక్కో పెద్ద ఊపిరి తీస్తున్నాయి. మనిషి నిట్టూర్చినట్టే ఉంటుంది ఆ చప్పుడు. కళ్ళ నుంచి చిక్కటి నీళ్ళు కారుతున్నాయి. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పుని బయటికి పంపే గ్రంథి పని అని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అక్కడ నిలబడి ఆ జవాబు నాకు నేను చెప్పుకున్నాను. ఏమీ ప్రయోజనం లేకపోయింది. ఒకదాని తోక దగ్గర సిమెంటు మీద తెల్లటి గుడ్లు పడి, ఎండకి అప్పుడే సొట్టలు పడుతున్నాయి.

కొనుగోలుదారు తరఫు మనిషి అక్కడే ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. టెక్కలి వైపు మనిషే, మర్యాదస్తుడు. కలకత్తాలో వీటి మాంసానికి మంచి గిరాకీ అనీ, సాయంత్రం బండికి ఎక్కిస్తామనీ చెప్పాడు. ఇవన్నీ ఎక్కడివి అని అడిగాను.

"భావనపాడు పక్కన దిబ్బండీ. మా వోళ్ళు రెండేళ్ళు ఈ ఒడ్డంతా తిరిగినా దొరకలేదు. తరవాత ఎవరో సర్వే ఆఫీసువోళ్ళు మేపు గీసినారట, అడిగితే నకలు ఇచ్చినారు. దాంతో నేరుగా వొచ్చీసినాం," అన్నాడు. నాకు నమ్మకం కలగలేదనుకున్నాడేమో, పెట్టె తెరిచి ఒక మడత కాగితం తీసి చూపించాడు.

మూడు తాటిచెట్లు. విప్పిన గొడుగుల్లా.

భావనపాడు దాకా ఎలా నడిచానో గుర్తులేదు. నూకమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఇంటి పై కప్పు సగం కొత్త తాటాకు. కార్తీకంలో వచ్చిన గాలివానకి ఇల్లు లేచిపోయిందనీ, ఎర్రయ్య తెప్ప, వలలు సముద్రంలో కలిసిపోయాయనీ అప్పుడే తెలిసింది. విశాఖపట్నంలో ఉండి కనీసం ఒక ఉత్తరమైనా రాయలేదు నేను. కూర్చోమనలేదు ఆమె. "నేనే రాశాను నూకమ్మా. ఆఫీసుకి రాశాను. మేపు కూడా నేనే గీశాను," అన్నాను.

"తెలుసు," అంది. "ఆ కాగితం ఆళ్ళ సేతిలో ఇంతకుముందే సూసినాను. నాకు సదువు రాదు గానీ తాటిసెట్లు తెల్దేటి?" చేట పక్కన పెట్టింది. "సెప్పనన్నావు కదా?"

నాకు ఏడుపు వచ్చింది. ఆమె ఓదార్చలేదు, తిట్టనూ లేదు. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. రాళ్ళు ఏరుతూనే, "మా ఇంటోడు దిబ్బ కాడే ఉన్నాడు. ఎల్లి సూడు. నువ్వు సూడాల," అంది.

ఉప్పుటేరు దాటి వెళ్ళాను. ఏడాది కిందట చక్రాల జాడలతో నిండిపోయిన ఇసుక మీద ఇప్పుడు మనుషుల అడుగులు, బండి గాడి, ఎడ్ల పేడ. పొద్దున్నే తిరగేసి ఉంచిన తాబేళ్ళు నాలుగైదు, బండి కోసం ఎదురుచూస్తున్నట్టుగా పడి ఉన్నాయి. ఎర్రయ్య ఒకదాని దగ్గర వంగి ఉన్నాడు. నేను చూస్తుండగానే దానికి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, తరవాత దాని రెక్కలు దగ్గరికి లాగి తాడు బిగించాడు.

నేను పరిగెత్తి వెళ్ళి, ఇంకా కట్టని తాబేలు ఒకదాన్ని డిప్ప పక్క నుంచి పట్టుకుని తిప్పబోయాను. నా వల్ల కాలేదు. అతను వచ్చి నన్ను పక్కకి జరగమని, ఒక్క చేత్తో దాన్ని బోర్లా తిప్పేశాడు. అది కాసేపు చచ్చినట్టు పడి ఉండి, తరవాత మెల్లగా నీళ్ళ వైపు కదిలింది. అది అలల్లోకి వెళ్ళేదాకా ఇద్దరం చూశాం.

"నీ కోసం దాన్ని ఒగ్గేసినాను," అన్నాడు. "మిగతావాటికి ఏటి సెప్తావు?"

"ఈ పని మానెయ్యి ఎర్రయ్యా. పాపం కదా," అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో ఆ మాట.

అతను కోప్పడలేదు. "పాపమే. నాకు తెల్దనుకున్నావేటి? ఒక్కో దానికి దణ్ణవెడతన్నాను, ఎట్టి ఎట్టి సెయ్యి నొప్పెడతాది. తెప్ప పోనాది, వల పోనాది. ఇంట్లో అయిదుగురం. ఈ దిబ్బ గురించి రాసి నువ్వు నౌకరీ తెచ్చుకున్నావు. నాను ఏటి రాసి తెచ్చుకోవాల?"

అతను తిరిగి పనిలోకి వంగాడు. నేను వెనక్కి నడిచాను.

నా బండి అయిదింటికి. మూడున్నరకే నౌపడ చేరిపోయాను. ప్లాట్‌ఫారం చివర కుళాయి కింద ఒక బకెట్టు ఉంటే, నీళ్ళు పట్టి తాబేళ్ళ మీద పోస్తూ ఉండిపోయాను, ఒక కొస నుంచి ఇంకో కొసకి. ఆ కొస చేరేసరికి మొదటివి ఆరిపోయేవి. "బతికుంటేనే ధర. మంచి పని సేస్తన్నారండి," అన్నాడు ట్రంకు పెట్టె మీద మనిషి. చీర కుచ్చెళ్ళు తడిసిపోయి, నా రైలు వచ్చేదాకా అలా పోస్తూనే ఉన్నాను. నేను దక్షిణానికి, అవి ఉత్తరానికి.

సోమవారం ఆఫీసుకెళ్ళి ఇంకో రిపోర్టు రాశాను. గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లుల్నే పట్టేస్తే కొన్నేళ్ళకి ఈ ఒడ్డుకి ఏవీ రావనీ, నా మొదటి రిపోర్టులో ఆఖరి జవాబు తప్పు గనక దాన్ని వెనక్కి తీసుకోవాలనీ. ఆఫీసరు గారు మంచివారే. కూర్చోబెట్టి, రిపోర్టు ఒకసారి ఫైల్లోకి వెళ్ళాక వెనక్కి రాదమ్మా అని చెప్పారు. నేను ఊరుకోకుండా నెలనెలా అదే రాశాను. ఏడాది తిరిగేసరికి నా టెంపరరీ పోస్టు పొడిగించలేదు. నాన్నగారు ఆ తరవాత ఎప్పుడూ నా చదువు గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

విజయనగరంలో ఒక బడిలో సైన్సు చెప్పుకుంటూ, ప్రతి మాఘంలోనూ సెలవు పెట్టి భావనపాడు వెళ్ళేదాన్ని. జాడలు లెక్కపెట్టేదాన్ని, కుక్కలు తవ్విన గూళ్ళు రాసుకునేదాన్ని. ఆ నోటుబుక్కులు ఎవరికీ చూపించలేదు. ఏ ఏటికాయేడు లెక్క చిన్నదవుతూ వచ్చింది. ఒక సంవత్సరం దిబ్బ మీద మూడే జాడలు. డెబ్భైల్లో చట్టం వచ్చి, తాబేళ్ళని పట్టడం నేరమయ్యాక నౌపడ ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. తాబేళ్ళని కాపాడే పనికి ఆ ఒడ్డు సంగతి తెలిసినవాళ్ళు కావాలని ఎవరో వెతుక్కుంటూ మా బడికి వచ్చినప్పుడు, నా దగ్గర పదేళ్ళ లెక్కలున్నాయి. అలా వచ్చాను ఈ పనిలోకి. ఎర్రయ్య అప్పటికే మరబోటు మీద కూలీగా విశాఖపట్నం వెళ్ళిపోయాడు, అక్కడే పోయాడని విన్నాను. నూకమ్మ బతికున్నన్నాళ్ళూ నేను వెళ్తే అంబలి పోసేది, ఏటమ్మా వచ్చినావా అనేది. తల్లీ అని మాత్రం మళ్ళీ పిలవలేదు.

ఇన్నేళ్ళ పని తరవాత కూడా, ఆ దిబ్బ మీద మొదటిసారి చూసినన్ని జాడలు నేను మళ్ళీ చూడలేదు. కొంత మెరుగైంది, నిజమే. అయినా పెద్ద బోట్ల వలల్లో ఊపిరాడక చచ్చినవి ప్రతి చలికాలం ఒడ్డుకి కొట్టుకొస్తూనే ఉన్నాయి, పొద్దున్నే వెళ్ళి వాటిని కొలిచి పాతిపెట్టడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు సముద్రం మీద ప్రేమ ఉంది అని రాస్తుంటారు. ఉండాలి. కానీ ఒడ్డున బతికేవాళ్ళ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగిందో లేదో కనుక్కోకుండా రాసిన ప్రతి కాగితం ఎవరి మెడకో చుట్టుకుంటుంది. నేను చేసిన తప్పుని నా పని చెరిపేయలేదు. చెరిగిపోతుందనే ఆశ పోయాకే పని సరిగ్గా చేయడం వచ్చింది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. మాఘ ఫాల్గుణాల్లో టెక్కలి నుంచి పొద్దున్నే బయల్దేరితే ఎండెక్కకముందే ఒడ్డున నడవొచ్చు. నడిచేటప్పుడు అలలు తడిపిన గట్టి ఇసుక మీదే నడవండి. పైన పొడి ఇసుకలో అడుగు పెట్టకండి. దాని కింద గుడ్లున్నాయో లేవో పైకి తెలియదు.